మిగిలిన పాలు

నెలకో గురువారం కొట్టుకి తాళమేసి ట్రామెక్కుతాను.
సంచిలో నూట ఎనభై పేజీల కాగితాలు,
మెడలో తియ్యడం మరిచిపోయిన కొలతల టేపు.
షెఫీల్డ్ మీద వాన కాదు, వానలాంటిదేదో
కిటికీ అద్దాలకి అంటుకుని వదలదు.

కమిటీ జాబితాలో నా పేరు పక్కన
'సామాన్య సభ్యురాలు' అని ఉంటుంది.
డాక్టర్ని కాను, లాయర్ని కాను,
ప్యాంట్లు పొట్టి చేస్తాను,
పెళ్ళి గౌన్లకి నడుము దగ్గర ఊపిరాడేంత వదులిస్తాను.
అందుకే రమ్మన్నారట.
"మాకర్థమైందంతా అందరికీ అర్థమైందనుకుంటాం,
మీరు మధ్యలో అడ్డం పడుతుండండి"
అంది కమిటీ పెద్ద మారీన్ ఓల్డ్‌రాయిడ్
మొదటి రోజు బిస్కెట్ల పళ్ళెం నా వైపు జరుపుతూ.

ఇవాళ నాలుగో అర్జీ
నెలలు నిండని బిడ్డల తల్లుల పాల మీద.
బల్లకి ఆ చివర రియానన్ అనే పిల్ల,
రాత్రి నిద్రపోయినట్టు లేదు,
కలం మూత తీస్తుంది, పెడుతుంది.
మంచి పరిశోధనే. ఎవరూ కాదనలేదు.
లెక్కలాయన మాత్రం గొంతు సవరించుకున్నాడు:
నూట ఇరవై మంది లేకపోతే ఏమీ తేలదు,
తేలనిదానికి ఎవరి దగ్గరా చుక్క కూడా తీసుకోకూడదు.
లెక్కల్లోనూ పాపం ఉంటుందని
నాకు ఆయన దగ్గరే తెలిసింది.

పన్నెండో పేజీ, మూడో పేరా:
'బిడ్డకు పట్టగా మిగిలిన పాలలో ఐదు మిల్లీలీటర్లు.'
చెయ్యెత్తాను.
ఐదంటే ఎంత?
ఒక టీ చెంచా.
మిగిలాయని ఎవరు చెప్పాలి?

గోడవారన హీటరు టిక్కుటిక్కుమంది.

నాకొక అమ్మాయి తెలుసు.
పోయిన చలికాలం కోటు బిగించమని వచ్చింది,
పొట్ట తగ్గిపోయింది, త్వరగా, చాలా త్వరగా.
నేను గుండుసూదులు పెడుతుంటే
అద్దంతో చెప్పినట్టు చెప్పింది.
ఇరవై ఆరో వారంలో పుట్టాడు.
తెల్లవారుజాము మూడింటికి పంపు పెట్టుకుంటే
పదకొండు మిల్లీలీటర్లు.
సీసాలోకి వంచేటప్పుడు ఊపిరి బిగబట్టేదట.
ఎవరో వచ్చి కాస్త ఇస్తారా అన్నారు.
"వాణ్ణి చూసుకునేది వాళ్ళే కదా,
వద్దని ఏ నోటితో అంటాను?"

ఈ మాట బల్ల మీద పెడితే
అయిదు నిమిషాల్లో అంతా తేలిపోయేది.
పెట్టలేదు.
కోటు కోసం వచ్చింది, సాక్ష్యం చెప్పడానికి కాదు.
వాడుకోవచ్చా అని నేను అడగలేదు.
అందుకని ప్రశ్న మాత్రం అడిగి
కథని పంటి కింద దాచుకున్నాను.

కాగితంలో వాళ్ళని 'పాల్గొనేవారు' అనాలట,
వెనకటి మాట మార్చి.
నా భాషలో ఆ మాటని విప్పితే
పాలు కొనడం, అంటే వాటా పుచ్చుకోవడం.
ఇక్కడ పాలిచ్చేది వాళ్ళు.
వాళ్ళ పాలికి వచ్చేది
పది పౌండ్ల కూపనూ, ఒక థాంక్యూ కార్డూ.
ఇంగ్లీషులో ఇది చెప్పబోయి తడబడ్డాను,
మారీన్ ఎందుకో నవ్వకుండా రాసుకుంది.

షరతులతో సరే అన్నాం.
వార్డు నర్సు అడగకూడదు, వేరేవాళ్ళెవరైనా అడగాలి.
అడిగాక ఒక రోజు ఆగాలి.
'మిగిలిన' అనే మాట కొట్టెయ్యాలి,
తల్లే వంచి ఇవ్వాలి, తనకి చాలనిపించినంత.
రియానన్ తల వంచుకుని రాసుకుంటుంటే
చెవి వెనక ఎర్రగా కందింది.
కోపమో, సిగ్గో. అది మా అర్జీలో లేదు.

తిరిగొచ్చి కొట్టు తీస్తే
ఆ కోటు అలాగే వేలాడుతోంది,
బిగించిన కుట్లతో, జేబుకి చీటీతో.
ఫిబ్రవరి నుంచి ఎవరూ రాలేదు.
ఫోన్ చేసి అడగొచ్చు. చెయ్యను.

దాచుకున్న కథని మాత్రం
ఇదిగో ఇలా రాసేశాను, పేరైనా లేకుండా,
ఆమె సంతకం లేకుండా.
ఏ కమిటీ ముందుకీ వెళ్ళని కాగితం ఇది.

ఆమె వస్తే చదివి వినిపించాలి.
వద్దంటే చింపెయ్యాలి.
కారణం అడక్కూడదు.